పేరంటాలు చీర ఎవరిది? పేరు పోయిన పెద్దమ్మ ఆనవాలు పట్టడం ఎలా

చిత్తూరు వైపు చాలా ఇళ్లలో పెళ్లి కుదిరినా, పెద్ద పండగ వచ్చినా ఒక కొత్త చీర, రవిక గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు తీసి పక్కన పెడతారు. ఎవరికని అడిగితే "పేరంటాలుకి" అంటారు. ఇంకాస్త తవ్వితే "తాతకు ముందొక పెండ్లామంట, పిల్లలు లేకుండానే పోయిందంట" అనే దాకా వస్తుంది. పేరేమిటంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "నాకెట్ల తెలుస్తాది నాయనా, మా అత్త పెట్టమనింది, పెడతా ఉండాను" అని అవ్వ చేతులెత్తేస్తుంది.

అలా పేరు పోయిన ఆ పెద్దమ్మ ఎవరో వెతకాలనుకునే వాళ్ల కోసమే ఇది. చరిత్ర చదివి ఉండక్కర్లేదు. ఒక నోటుబుక్కు, కొంచెం ఓపిక, నాలుగు ఊళ్లు తిరిగే తీరిక ఉంటే సరిపోతుంది. అయితే ఎక్కడ వెతుకుతున్నామో ముందే తేల్చుకోవాలి. ఆమెను మర్చిపోయింది అత్తగారిల్లు. అక్కడ ఆమె బతికింది కొన్నేళ్లే, ఆ తర్వాత ఆ స్థానంలోకి ఇంకొకామె వచ్చేసింది. పుట్టింట్లో ఆమె ఒకరికి అక్క, ఒకరికి మేనత్త. ఆ స్థానం ఇంకెవరూ తీసుకోలేరు. అందుకని ముందు ఆమె పుట్టిల్లు ఏదో పట్టుకోండి. అది దొరికితే పేరు దాదాపు దొరికినట్టే.

ఇంట్లో చేసే ఆచారాన్ని జాగ్రత్తగా చూడండి

ఏం పెడతారు, ఎప్పుడు పెడతారు, ఎవరి చేత పెట్టిస్తారు, ఆ చీర చివరికి ఎవరు కట్టుకుంటారు అనేవి రాసుకోండి. పసుపు, కుంకుమ, గాజులు పెడుతున్నారంటే ఆమె ముత్తైదువగా పోయింది, అంటే ఆమె పోయేనాటికి భర్త బతికే ఉన్నాడు. భాద్రపద బహుళ నవమి నాడు, అంటే అవిధవా నవమి రోజున పెడుతున్నా అర్థం అదే. చీర బదులు పావడా, జాకెట్టు గుడ్డ పెడుతుంటే పెళ్లి కాని పిల్ల అయ్యుండొచ్చు. అప్పుడు ఆమె బయటినుంచి వచ్చిన కోడలు కాదు, మీ ఇంటి ఆడబిడ్డే, ఇక పుట్టిల్లు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చాలామంది "తాత మొదటి భార్య" అని ముందే నిర్ణయించేసుకుని బయల్దేరతారు. ఆచారం ఏం చెబుతోందో చూడకుండా ఆ మాట నమ్మకండి.

పండగతో సంబంధం లేకుండా ఒక ప్రత్యేకమైన తిథి నాడు పెడుతుంటే మీ పని సగం తేలికైనట్టు. అది ఆమె పోయిన రోజు కావడానికే అవకాశం ఎక్కువ. మాసం, పక్షం, తిథి మూడూ రాసిపెట్టుకోండి.

తర్పణాలు వదిలే ఇళ్లలో ఇంకో ఆధారం ఉంది. మహాలయ పక్షంలో తల్లి, నాయనమ్మ వరుస అయ్యాక సాపత్నీమాత, అంటే సవతి తల్లి పేరు చెప్పాల్సిన చోటు ఒకటి వస్తుంది. రెండో భార్య కొడుకు తర్పణం వదిలినన్నాళ్లూ మొదటామె పేరు ఆ చోట పలికే ఉంటారు. ఒక తరం దాటితే అది జారిపోతుంది. కాబట్టి తర్పణాల పేర్లు రాసుకున్న చీటీల్లో మీది కన్నా, మీ నాన్నది, అంటే ఆ రెండో భార్య కొడుకుది ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఇంటి పురోహితుల దగ్గర పాత పుస్తకాల్లో యజమానుల వరుసలు రాసిపెట్టుకునే అలవాటు ఉండేది. ఇప్పటి పురోహితుడి దగ్గర లేకపోతే వాళ్ల నాన్నగారి పుస్తకం అడగండి.

పేరంటాలు అనగానే చితిలో దూకిన సతి అని కొందరు ఊహించేసుకుంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో సతిని 1830లోనే నిషేధించారు. మీ ఇంట్లో చీర పెట్టించుకుంటున్నామె పురిటిలోనో, జ్వరంతోనో, బావిలో పడో పోయి ఉండటానికే ఎక్కువ అవకాశం. కథను కాస్త పెంచి చెప్పడం పెద్దలకు సరదా, దాన్ని రాసుకోండి గానీ దాని మీద కట్టడం మొదలుపెట్టకండి.

అవ్వల దగ్గర కూర్చోవడం

ఈ పనిలో ముఖ్యమైన భాగం ఇదే, దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. ఆఫీసు కాగితం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదైనా దొరుకుతుంది. తొంభై ఏళ్ల అవ్వ విషయంలో ఆ ధీమా ఉండదు.

ఇంటి మగవాళ్లను అడిగి లాభం తక్కువ. వాళ్లు భూములు, తగాదాలు చెబుతారు. ఈ ఇంట్లో పుట్టి బయటి ఊరికి కోడలుగా పోయిన ఆడబిడ్డలను వెతకండి. వాళ్లు పుట్టింటి కథలను భద్రంగా దాచుకుంటారు. తరతరాలుగా ఇంటి బట్టలు ఉతికిన కుటుంబం, పురుళ్లు పోసిన మంత్రసాని కుటుంబం ఊళ్లో ఉంటే తప్పకుండా కలవండి. చావుకీ పురుటికీ మొదట కబురు వెళ్లింది వాళ్లకే.

"ఆమె పేరేంది?" అని మొదలుపెడితే "తెలీదు" అని జవాబు వస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. దాని బదులు చుట్టూ తిరిగి అడగండి. సారె ఏ ఊరి నుంచి వచ్చేది? ఆ ఊరికి బండి ఏ దారిన పోయేది? ఆమె పోయినాక అన్నదమ్ములు ఈ గడప తొక్కారా? కర్మకు ఎవరొచ్చారు? అన్నిటికన్నా బాగా పనిచేసే ప్రశ్న ఇది: ఆమె నగలు, ఇత్తడి సామాను ఎవరు తీసుకుపోయారు? పిల్లలు లేకుండా పోయిన కోడలి సొమ్ము దగ్గర గొడవ జరగని ఇల్లు తక్కువ. మనుషులు పేర్లు మర్చిపోతారు గానీ తగాదాలు మర్చిపోరు. "ఆ పీలేరోళ్లు వచ్చి అండాలు, గంగాళాలు బండికెత్తుకు పోయిరి" అని ఒక్క మాట వచ్చిందంటే మీకు ఊరు దొరికినట్టే.

పేరు తెలిసీ చెప్పని వాళ్లు కూడా ఉంటారు. మొగుడి పేరు, అత్త పేరు నోటితో పలకకూడదనే పట్టింపు పాతతరం ఆడవాళ్లలో ఇంకా ఉంది. ఇది మన ఒక్కరికే ఉన్న పట్టింపు కాదు. 1951–52 మొదటి సాధారణ ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా "ఫలానా వారి భార్య", "ఫలానా వారి తల్లి" అని రాయించుకోవడంతో వాళ్లను ఓటర్ల జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. అందులో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లు.

ఆ పట్టింపు దాటడానికి ఒక దారి ఉంది. "ఆయమ్మ పేరు ఎవరికన్నా పెట్టుకున్నారా అవ్వా?" అని అడగండి. పోయిన మొదటి భార్య పేరును రెండో భార్యకు పుట్టిన మొదటి ఆడపిల్లకు పెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. అలా పెద్దల పేరు పెట్టుకున్న పిల్లను ఆ పేరుతో తిట్టలేరు, గట్టిగా పిలవలేరు, కాబట్టి ఇంట్లో ఇంకో ముద్దుపేరు నడుస్తుంది. జీవితమంతా పాపమ్మగానో చిన్నక్కగానో ఉన్న ఆవిడ రేషన్ కార్డులో, స్కూలు సర్టిఫికెట్లో వేరే పేరు ఉంటే అక్కడ ఆగి చూడండి. తర్వాతి రెండు తరాల ఆడపిల్లల అసలు పేర్లన్నీ ఒక కాగితం మీద రాస్తే తిరిగి తిరిగి వచ్చే పేరు కనిపిస్తుంది. కాకపోతే అది మునెమ్మో, గంగమ్మో, రెడ్డెమ్మో అయితే సంబరపడకండి. మన వైపు వీధికొక మునెమ్మ ఉంటుంది.

బంధుత్వం పేర్లను ఉన్నవున్నట్టు రాసుకుంటే తర్వాత మీకే అర్థం కాదు. ఒకరి జేజి ఇంకొకరికి అవ్వ, ఒకరి అబ్బ ఇంకొకరికి తాత. పైగా అక్క కూతుర్ని చేసుకునే ఇళ్లలో ఒకే మనిషి రెండు వరుసలవుతుంది: మేనమామను పెళ్లాడిన పిల్లకు అత్త, అమ్మమ్మ ఒక్కరే. కాబట్టి ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, "7వ మనిషికి తల్లి" అన్నట్టు రాయండి. చాదస్తంగా అనిపిస్తుంది గానీ ఇదొక్కటే గందరగోళం లేకుండా కాపాడుతుంది.

ఫోన్లో రికార్డు చేస్తుంటే ముందే చెప్పి చేయండి. మధ్యలో "అది కాదవ్వా, 1930లో కదా" అని దిద్దకండి. తప్పు చెప్పినా చెప్పనివ్వండి.

కాలం కట్టడం

ఆఫీసులకు వెళ్లే ముందు ఆమె ఏ నాలుగైదేళ్ల మధ్య పోయిందో అంచనా ఉండాలి. "ఎప్పుడో తెలీదు, వెతకండి" అంటే ఏ గుమస్తా పుస్తకం తీయడు.

పెద్దవాళ్లు సంవత్సరాన్ని తెలుగు పేరుతోనో, కరువు పేరుతోనో చెబుతారు. ప్రభవ 1867లో, 1927లో, 1987లో మొదలైంది. అక్కడినుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. సీమలో ఇప్పటికీ చెప్పుకునే ధాత కరువు 1876లో మొదలైంది, ఆ కరువు 1878 దాకా నడిచింది. కాళయుక్తి అంటే 1918 ఉగాది నుంచి 1919 ఉగాది వరకు. 1918 చివర్లోనే ఇన్‌ఫ్లూయెంజా ఇళ్లకు ఇళ్లను ఊడ్చేసింది. "ఊరంతా జొరాలు వచ్చినప్పుడు పోయింది" అనే మాట వస్తే ముందు ఆ ఏడాదిని అనుమానించండి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1328 అంటే 1918 జూలై నుంచి 1919 జూన్.

తర్వాత రెండో భార్య పిల్లల వయసు చూడండి. ఆమె పెద్దకొడుకు 1923లో పుట్టాడని రికార్డు ఉందనుకుందాం. అంటే రెండో పెళ్లి 1922కల్లా జరిగిపోయింది. ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదని ఏడాది తిరక్కుండానే మళ్లీ పెళ్లి చేసేవాళ్లు కాబట్టి, రెండో ఆమె చిన్నపిల్లగా వచ్చి కొన్నేళ్లు ఆగిందనుకున్నా, మొదటామె మరణం 1917, 1921 మధ్య పడుతుంది. ఇన్‌ఫ్లూయెంజా ఏడాది అందులోనే ఉంది. చీర పెట్టే తిథి ఆశ్వయుజంలోనో కార్తీకంలోనో ఉంటే మీ అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంటర్నెట్‌లో పాత పంచాంగం చూపించే సైట్లలో సంవత్సరం, తిథి కొడితే ఇంగ్లీషు తేదీ వస్తుంది.

స్కూలు సర్టిఫికెట్లో పుట్టినరోజు జూలై 1 అని ఉంటే మాత్రం నమ్మకండి. అది అయ్యవారు వేసిన పుట్టినరోజు.

ఇంకో సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. ఆడపిల్లకు కనీసం 14 ఏళ్లు ఉండాలన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఎనిమిదేళ్లకీ తొమ్మిదేళ్లకీ పెళ్లి చేసి, కార్యం అయ్యేదాకా పుట్టింట్లోనే ఉంచేవాళ్లు. మీ పెద్దమ్మ కాపురానికి రాకముందే పోయి ఉండొచ్చు. అలాగైతే మీ ఊళ్లో ఆమెను చూసినవాళ్లే ఉండరు, మరణం నమోదైంది కూడా పుట్టింటి ఊళ్లోనే అవుతుంది.

అటక ఎక్కండి

పాత ఇత్తడి, కంచు సామాను దించి చింతపండుతో తోమండి. అంచు మీద చెక్కిన పేర్లు బయటపడతాయి. పుట్టింటి వాళ్లు ఇచ్చిన బిందె మీద పిల్ల పేరో, తండ్రి పేరులోని మొదటి అక్షరాలో, ఊరి పేరో ఉండటం మామూలు. ఇంట్లో ఎవరికీ చెందని అక్షరాలు కనిపిస్తే ఫొటో తీసుకోండి. సామానంతా పుట్టింటివాళ్లు తీసుకుపోయారన్నా, ఒక చెంబో గరిటో మిగిలే ఉంటుంది.

దానికన్నా విలువైనది చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరెంత చదివించారో పేరు, ఊరుతో సహా రాసిన చిట్టా అది. అందరూ దాన్ని అప్పుల పుస్తకంలా చూస్తారు గానీ, వంశాలు వెతికేవాళ్లకు అంతకు మించిన జాబితా ఉండదు. మీ తాత పిల్లల పెళ్లిళ్ల చిట్టాలు తీసి, ఇంటిపేరుతోనో వరుసతోనో ఎలా బంధువులో ఎవరూ చెప్పలేని కుటుంబాలను గుర్తుపెట్టండి. మొదటి భార్య పుట్టింటివాళ్లు గొడవ సద్దుమణిగాక అలాంటి పెళ్లిళ్లకు వచ్చి చదివించి పోయి ఉంటారు. పాత పంచాంగాల అంచులు, రామాయణం అట్ట లోపలి పేజీలు, తాటాకు జాతకాలు కూడా చూడండి. పుట్టుకలు, చావులు అక్కడే రాసుకునేవాళ్లు.

కాగితాలు గొలుసుకట్టు రాతలో ఉంటే చదవలేక వదిలేయకండి. పాత దస్తావేజు రైటర్లు, కరణాల ఇళ్లలోని పెద్దలు గడగడా చదివేస్తారు. సత్యవేడు, నగరి, కుప్పం వైపు కాగితాలు అరవంలోనో కన్నడంలోనో ఉన్నా ఆశ్చర్యపోకండి.

పుట్టిల్లు ఏది కావచ్చు?

ఇప్పుడు మీ దగ్గర ఒక కాలం, ఒకటి రెండు ఊళ్ల పేర్లు ఉంటాయి. బయటికి పరిగెత్తే ముందు మీ వంశవృక్షంలోనే చూడండి. మేనరికం నడిచే ఇళ్లలో కోడలు చాలాసార్లు ముందే బంధువు. తాత అక్కల కూతుళ్లు, తాత మేనమామ కూతుళ్లు, తాత మేనత్త కూతుళ్లు, ఈ ముగ్గురి వరుసల్లో చిన్న వయసులో పోయినవాళ్లు ఎవరని అడగండి. తర్వాత రెండో భార్య అక్కచెల్లెళ్లను అడగండి. అక్క పోతే చెల్లెల్ని అదే ఇంటికి ఇవ్వడం మన దగ్గర మామూలే, కాబట్టి మీరు రోజూ "మా అవ్వ పుట్టిల్లు" అనుకుంటున్న ఇల్లే ఆమెది కూడా అయ్యుండొచ్చు. కుండమార్పిడి పెళ్లి అయితే ఇంకా మంచిది: మీ ఇంటి ఆడబిడ్డ ఒకామె అదే సమయంలో అదే ఇంటికి కోడలుగా పోయి ఉంటుంది, ఆమె సంతతి ఈనాటికీ మీ బంధువులే.

ఇంటిపేరు మీదే ఆధారపడకండి. తమిళ దేశం పక్కనే ఉండటంతో చిత్తూరు జిల్లాలో చాలా కుటుంబాలు ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరులోని మొదటి అక్షరమే వాడాయి. ఊరు, తండ్రి పేరు, గోత్రం కలిపి వెతికితే తప్పు తక్కువ. వంశాల వరుస పాడి చెప్పే వంశరాజులు మీ కులానికి, మీ ఊరికి వచ్చేవాళ్లయితే వాళ్లను కూర్చోబెట్టి వినండి. వాళ్లు ఎక్కువగా మగవాళ్ల వరుసే చెబుతారు, అయినా ఏ ఇంటికి ఏ ఇంటితో వియ్యమో వాళ్ల నోట వస్తుంది.

ఆఫీసులు

ముందు ఏ జిల్లా అని తెలుసుకోండి. 1911 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లానే లేదు. చిత్తూరు, తిరుపతి, పలమనేరు వైపు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు వైపు కడపలో ఉండేవి. 1960లో సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటొచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. తిరుత్తణి దగ్గరి పుట్టిల్లు కోసం చిత్తూరు కలెక్టరేట్‌లో ఎంత తిరిగినా దొరక్కపోవచ్చు. పాత ఉత్తర ఆర్కాటు రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

మరణాల రిజిస్టరు: మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 చట్టం కింద జనన మరణాలు రాసేవాళ్లు. పల్లెల్లో ఆ పని గ్రామ మునసబుది. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయినప్పుడు పుస్తకాలు కొన్ని తహశీల్దారు ఆఫీసుకు చేరాయి, కొన్ని ఎవరింటి అటక మీదో మిగిలిపోయాయి. పాత మునసబు కుటుంబాన్ని కూడా అడగండి. పట్టణంలో పోయి ఉంటే మునిసిపాలిటీలో చూడాలి. తిరుపతి 1886లోనే మునిసిపాలిటీ అయింది. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి ఎవరైనా రిజిస్టరు వెతికించి నకలు తీసుకోవచ్చు. మరణ కారణం మాత్రం ఆ నకలులో ఇవ్వరు. పేరు పెట్టి వెతక్కండి, "ఫలానా ఊరు, ఫలానా వారి భార్య, ఈ ఏడాది నుంచి ఈ ఏడాది" అని అడగండి, ఎందుకంటే పుస్తకంలోనూ అలాగే రాసి ఉండొచ్చు. కాదంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇంకా మంచి చోటు. కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన భూమి, అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజులు, దానపత్రాల్లో ఆడవాళ్ల పేరు, తండ్రి పేరు, భర్త పేరు, ఊరు అన్నీ కలిసి వస్తాయి. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి. అక్కడ పేర్ల సూచిక వేరు, ఆస్తుల సూచిక వేరు. భూమి సర్వే నంబరు తెలిస్తే రెండోది, తండ్రి పేరు తెలిస్తే మొదటిది అడగండి. భూమి మీద తగాదా కోర్టుకెక్కి ఉంటే మీ అదృష్టం. పాత మున్సిఫ్ కోర్టు తీర్పుల్లో వంశవృక్షం గీసి మరీ ఉంటుంది. ప్రభుత్వ భూమి రికార్డులు చూపించే మీభూమి సైటులో ఇప్పటి పట్టాదారులే కనిపిస్తారు, దాని మీద రోజులు పాడుచేసుకోకండి. ఇనాం భూములు, అంటే మాన్యాలు ఉన్న కుటుంబాలైతే 1858లో మొదలైన ఇనాం కమిషన్ వేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడొచ్చు. అందులో వారసుల వివరాలు, వయసులు ఉంటాయి.

మీరు పాత భూమి కాగితాలు అడుగుతున్నారన్న కబురు మీరు ఇంటికి చేరకముందే పాలివాళ్లకు, అంటే దాయాదులకు చేరుతుంది. "వీడు ఆస్తిలో వాటాకి వచ్చినాడు" అని టెన్షన్ మొదలవుతుంది. ముందే వాళ్ల ఇంటికి వెళ్లి, చీర సంగతి చెప్పి, దొరికిన ప్రతి కాగితం నకలు వాళ్లకూ ఇస్తానని చెప్పండి. ఇది మర్యాద కోసమే చెప్పడం లేదు. అలిగిన పాలివాళ్ల ఇంట్లోనే మీకు కావలసిన పెట్టె ఉంటుంది.

ఆమె చనిపోలేదు, "ఎటో వెళ్లిపోయింది" అనే కథ వస్తే వేరే దారి పట్టాలి. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలుగా వెళ్లిన 1,52,184 మంది జాబితాలు ఉన్నాయి. ఉత్తర ఆర్కాటు నుంచి చాలామంది వెళ్లారు. ఆ ఓడ జాబితాల్లో ఆడవాళ్లకు సొంత పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా రాశారు. ఇంట్లో ఉన్న కోడలి పేరు ఎక్కడా లేదు గానీ ఓడెక్కిన కూలి పేరు ఉంది! క్షయ వచ్చి మదనపల్లెలో పోయిందంటే ఆరోగ్యవరం శానటోరియం గురించి ఆలోచించండి. క్రైస్తవ కుటుంబమైతే చర్చి రిజిస్టర్లే అన్నిటికన్నా తేలిక.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే?

అమెరికాలో ఒహైయో రాష్ట్రంలో 1981లో దొరికిన ఒక గుర్తు తెలియని యువతి మృతదేహాన్ని 2018లో ఔత్సాహిక వంశ పరిశోధకులు డీఎన్ఏతో గుర్తించారు. అది చదివి చాలామంది కిట్టు కొంటామంటారు. అక్కడ మృతదేహం ఉంది, పోల్చి చూడటానికి లక్షలమంది డీఎన్ఏ నమూనాలున్నాయి. మీ పెద్దమ్మ పిల్లలు లేకుండా పోయింది కాబట్టి ఆమె డీఎన్ఏ మీ ఎవరిలోనూ ఉండదు, మేనరికమో, రెండో భార్య ఆమె చెల్లెలో అయితే తప్ప. మేనరికం అయినా చిక్కే: సొంత మేనత్త మేనమామల పిల్లలు సగటున ఎనిమిదో వంతు డీఎన్ఏ పంచుకుంటారు, తరాల తరబడి మేనరికాలు నడిచిన ఇంట్లో దూరపు బంధువు కూడా దగ్గరవాడిలా కనిపిస్తాడు. డబ్బు దాచుకుని బస్సు టికెట్లు కొనుక్కోండి.

పేరు దొరికాక

ఒక్క ఆధారం మీద తేల్చేయకండి. అత్తింటి వైపు ఒకటి, పుట్టింటి వైపు ఒకటి, రెండూ ఒకదానికొకటి తెలియకుండా ఒకే పేరు చెప్పాలి. "మా నాయన చెల్లెల్ని మీ ఊరికే ఇచ్చిరి, కాన్పులో పోయింది" అని ఆ ఇంటివాళ్లు తమంతట తాము చెప్పడం వేరు, మీరు పేరు అందించి "అవునా?" అంటే వాళ్లు తలాడించడం వేరు. ఇక్కడ పేరు మీరు ముందు చెప్పనే కూడదు.

ఆ ఇంటికి నేరుగా వెళ్లకుండా, ఇద్దరికీ తెలిసిన బంధువు చేత ముందు ఫోన్ చేయించండి. పండో, పూలో, పసుపు కుంకుమో తీసుకెళ్లండి. ఆమె ఎలా పోయిందన్న దాంట్లో మీ తాతనో, ఆయన తల్లినో తప్పుపట్టే కథ వినాల్సి రావొచ్చు. వాదించకుండా విని రాసుకోండి. దాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. రెండు ఇళ్లలోనూ దాన్ని మోసే మనుషులు బతికే ఉండొచ్చు. కొన్నిసార్లు ఆ పుట్టింట్లోనూ ఆమెకు చీర పెడుతుంటారు, వాళ్లు ఏ రోజు పెడతారో అడిగి మీ తిథితో పోల్చండి.

ఇంటి పురోహితుడికి పేరు, గోత్రం రాసిచ్చేటప్పుడు పెళ్లయిన స్త్రీకి భర్త గోత్రమే చెబుతారని గుర్తుంచుకోండి. ఇంటర్నెట్‌లో వంశవృక్షం పెడితే బతికున్నవాళ్ల పేర్లు, పుట్టినరోజులు పెట్టకండి.

దొరకకపోయినా రాసిపెట్టండి: ఏ ఆఫీసులో, ఏ పుస్తకం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చూశారు, ఏ పేజీలు చిరిగి ఉన్నాయి, ఏ అవ్వ ఏం చెప్పింది, ఎవరి మాట మీద మీకు నమ్మకం కుదరలేదు, ఎందుకు. ఆ కాగితం చీర పెట్టే పెట్టెలోనే ఉంచితే, తర్వాత వెతికేవాళ్లు మీరు చూసేసిన రిజిస్టరు కోసం మళ్లీ తహశీల్దారు ఆఫీసు మెట్లెక్కరు.